తూకం ఎవరి ముందు జరిగింది?

ఆస్తి హక్కు అనగానే మనకు భూమి గుర్తొస్తుంది, ఇల్లు గుర్తొస్తుంది. 1985 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 2005 సెప్టెంబరు నుంచి దేశమంతటా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఉందని శిక్షణ తరగతుల్లో చెబుతూనే ఉన్నాం. చెప్పాలి కూడా. కానీ మన దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో భూమి కాగితం చేతబట్టుకుని వచ్చేది ఎందరు? కౌన్సెలింగ్ కేంద్రంలో ఇన్నేళ్లుగా నేను వింటున్నది ఎక్కువగా ఇంకో మాట. "నా బంగారం వాళ్ల దగ్గర ఉండిపోయిందమ్మా." ఆ వెంటనే మేము అడిగే ప్రశ్న, ఎంత బంగారం అని. అక్కడే ఆమె గొంతు తగ్గిపోతుంది. తండ్రి ఎంత పెట్టాడో తండ్రికి తెలుసు. తూకం వేయించినది అన్న. బీరువా తాళం అత్తగారిది. బ్యాంకులో కుదువ పెట్టినది భర్త. ఒంటిమీద మోసినది మాత్రం ఆమె.

నగలకు, వెండికి, పాత సామానుకు విలువ కట్టడం ఒక వృత్తి. బ్యాంకులో అప్రైజర్ ఉంటాడు. ఆదాయపు పన్ను వ్యవహారాలకూ కోర్టు వ్యవహారాలకూ నగల విలువ కట్టి సర్టిఫికెట్ ఇచ్చే రిజిస్టర్డ్ వాల్యూయర్లు ఉన్నారు. మన ఊళ్లలో తరతరాలుగా ఆ పని గీటురాయితో కంసాలి చేస్తున్నాడు. వీళ్లెవరూ స్త్రీలకు శత్రువులు కారు. నా అభ్యంతరం వాళ్ల మీద కాదు. వాళ్లను పిలిచింది ఎవరు, ఎదురుగా కూర్చున్నది ఎవరు, రాసిన కాగితం ఎవరి జేబులోకి వెళ్లింది అన్నదే నా ప్రశ్న. స్త్రీల హక్కుల గురించి పనిచేసే మనం విలువ కట్టే ఈ ఘట్టాన్ని బొత్తిగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

మొదట ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఒకే నగకు ఒకే విలువ ఉండదు. ఒక రాళ్ల నెక్లెస్ 48 గ్రాములు తూగిందనుకుందాం. రాళ్లు, లోపలి లక్క కలిపి 9 గ్రాములు పోతే నికరంగా 39 గ్రాముల బంగారం. బ్యాంకు లెక్క ఆ 39 గ్రాములకే, అందులోనూ నాణ్యం చూసి. కొట్టుకు అమ్మబోతే దాని మీద మళ్లీ తరుగు తీస్తారు. అదే నగ పోయి, అలాంటిదే కొత్తది చేయించుకోవాలంటే మజూరీ, తరుగు, రాళ్ల ఖరీదు, పన్ను అన్నీ కట్టాలి. బీమా చేయించేటప్పుడు చూడవలసింది ఈ చివరి లెక్క. కుదువకు చూసేది మొదటి లెక్క. రెండూ అబద్ధాలు కావు. ఏ పనికి ఏ లెక్క వాడుతున్నారన్నదే కిటుకు.

ఈ కిటుకు మన ఇళ్లలో మగవాళ్లకు బాగా తెలుసు. తల్లి పోయాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పంచుకునేటప్పుడు గమనించండి. చెల్లెలి వాటాలో పడిన నగకు కొత్త నగ ఖరీదు కడతారు. "ఇవాళ ఇలాంటిది చేయిస్తే ఎంతవుతుందో తెలుసా" అంటారు. అన్న వాటాలో పడిన నగకు కరిగిస్తే వచ్చే బంగారం ధర కడతారు. "పాతది, టాంకా ఎక్కువ, ఏమీ రాదు" అంటారు. లెక్క రాసిన వాడు అబద్ధం ఒక్కటీ ఆడలేదు. చెల్లెలి వాటా మాత్రం నాలుగో వంతు తగ్గిపోయింది.

ఇక సామాను సంగతి. పంపకాల్లో ఆడపిల్లకు ఇత్తడి బిందెలు, రాగి కాగులు, అమ్మ పట్టుచీరలు ఇచ్చి, "అమ్మ గుర్తుగా ఉంచుకో" అంటారు. గుర్తు అన్న మాటతో విలువ కట్టే పని లేకుండా పోతుంది. ఆ చీరల్లో అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ, దానిమీద బంగారు పూత. సందుల్లో "పాత జరీ చీరలు కొంటాం" అని కేకవేస్తూ వచ్చే మనిషి చీరను కాల్చి వెండి తీసుకుంటాడు. తూకం అతనిదే, ధర అతనిదే. పాత చేతి కలంకారీ గుడ్డను, పాత దారుశిల్పాన్ని పాత సామాను వాళ్లకు వందలకు అమ్ముకున్న ఇళ్లు ఎన్నో. నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, చేతిపని వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని విదేశాలకు పంపడం నేరం. ఆ వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. కొనేవాడికి ఈ చట్టం తెలుసు. ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడకు తెలియదు. అందుకే ఆమెను తొందరపెడతాడు.

కానీ నా మనసులో ఎక్కువగా ఉన్నది పెళ్లి నాటి బంగారం. అదే చెబుతాను.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో కొన్ని నియమాలు వచ్చాయి. అడగకుండా ఇచ్చిన పెళ్లి కానుకలకు జాబితా రాయాలి. వధువుకు వచ్చినవాటి జాబితా వధువు దగ్గర, వరుడికి వచ్చినవాటి జాబితా వరుడి దగ్గర ఉండాలి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. జాబితాలో ఏమేమి ఉండాలి? వస్తువు గురించి క్లుప్తంగా వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం. అంతే. ఇంకోసారి చదవండి. బరువు రాయమని లేదు. నాణ్యం రాయమని లేదు. విలువ మాత్రం రాయమన్నారు.

దీని ఫలితం ఏమిటో లెక్క వేసి చూద్దాం. 1995లో మేలిమి బంగారం పది గ్రాములు నాలుగున్నర వేల పైచిలుకు. ఆ ఏడాది పెళ్లయిన ఒక అమ్మాయి జాబితాలో "బంగారు నగలు, సుమారు విలువ 90 వేలు" అని రాశారనుకుందాం. అంటే దాదాపు ఇరవై తులాలు. 2025లో పది గ్రాముల ధర లక్ష దాటింది. ఆ 90 వేలు ఇవాళ ఆమె చేతిలో పెడితే ఒక్క తులం కూడా రాదు. రూపాయల్లో రాసిన జాబితా ఏటేటా కరిగిపోతుంది. గ్రాముల్లో రాసి ఉంటే, ఎన్నేళ్లయినా ఇరవై తులాలు ఇరవై తులాలే.

తులం అన్నాను కాబట్టి ఆ మాటా చూడాలి. తెలంగాణలో తులాలంటారు, కోస్తాలో కాసులంటారు, కొన్నిచోట్ల సవర్లంటారు. కాసు, సవర ఎనిమిది గ్రాముల లెక్క. తులం మాత్రం రెండు రకాలు. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు కొట్టులో తులమంటే 10 గ్రాములు. పెద్దలు పెళ్లి మాటల్లో "పాతిక తులాలు" అనుకుని కాగితం మీద అలాగే రాస్తారు. ఏ తులం? రెంటికీ తేడా నలభై గ్రాముల పైనే. ఇవాళ్టి ధరలో మూడున్నర లక్షలకు తక్కువ కాదు. కేసు పడిన రోజున అటు వకీలు ఏ తులం ఎంచుకుంటాడో వేరే చెప్పాలా?

చట్టం స్త్రీధనం గురించి మాట్లాడలేదని కాదు. భార్య స్త్రీధనం ఆమె సొంత ఆస్తి అని, భర్త దానికి కేవలం ధర్మకర్త లాంటివాడని, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహ నేరమని ప్రతిభారాణి కేసులో 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని కింద స్త్రీధనం తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు, లాకరు తెరవకుండా ఆపవచ్చు. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కూతురి స్త్రీధనం కోసం ఆమె అనుమతి లేకుండా తండ్రి కూడా దావా వేయలేడని చెప్పింది. ఆమెది ఆమెదే, పుట్టింటివాళ్లది కూడా కాదు. మంచి మాట. హక్కు గురించి కోర్టులు ఇంత స్పష్టంగా చెప్పాక మిగిలింది విలువ.

అదే ఏడాది ఏప్రిల్‌లో కేరళ నుంచి వచ్చిన మాయా గోపీనాథన్ కేసు చూడండి. 2003లో పెళ్లి. పుట్టింటివారు 89 సవర్లు పెట్టారు. మొదటి రాత్రే భర్త ఆ నగలన్నీ తీసుకుని భద్రంగా దాచమని తల్లికి ఇచ్చాడని ఆమె ఫిర్యాదు. కుటుంబ న్యాయస్థానం 2011లో ఆ బంగారానికి 8,90,000 రూపాయలు ఇమ్మంది. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చి, పెరిగిన జీవన వ్యయాన్ని గమనించి 25 లక్షలు ఇవ్వమంది. ఈ తీర్పును మనమంతా హర్షించాం, హర్షించాలి. అయినా కాగితం పెన్సిలు తీసుకుని లెక్క వేయండి. తీర్పు వచ్చిన నెలలో సవర ధర 50 వేలు దాటి ఉంది. 89 సవర్లు అంటే 44 లక్షల పైమాటే. గెలిచిన కేసులో కూడా ఆమె చేతికి వచ్చింది అటూఇటూ సగం. బంగారం ఇన్నేళ్లూ ఎవరి దగ్గర ఉందో వాళ్లకు ధర పెరిగిన లాభం మిగిలింది. నా అభిప్రాయంలో బంగారానికి బదులు డబ్బు ఇప్పించేటప్పుడు, డబ్బు చేతికిచ్చే రోజు ధరే కట్టాలి. లేదా అన్ని గ్రాముల బంగారమే ఇమ్మనాలి.

కొందరు స్నేహితులు అడుగుతారు. కట్నం వద్దని పోరాడిన మనం బంగారం లెక్కలు రాయమంటే కట్నాన్ని ఒప్పుకున్నట్లు కాదా? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరమన్న మాటలో సడలింపు ఉండకూడదు. కానీ అదే చట్టం ఆరో సెక్షన్ ఏమంటోంది? పెళ్లిలో ఇంకొకరు తీసుకున్న కట్నాన్ని పెళ్లయిన మూడు నెలల్లో ఆమెకే అప్పగించాలి, అప్పగించేదాకా ఆమె కోసమే ఉంచాలి అంటోంది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆమె అసహజంగా మరణిస్తే అది పిల్లలకు, పిల్లలు లేకుంటే తల్లిదండ్రులకు చెందాలంటోంది. అంటే ఇచ్చిన తప్పు జరిగిపోయాక, ఆ సొత్తు ఆమెకు దక్కాలన్నదే చట్టం ఉద్దేశం. లెక్క రాయకపోతే కట్నం ఆగిపోవడం లేదు. ఆమె నష్టం రెండింతలు అవుతోంది, అంతే. ముస్లిం స్త్రీల సంగతీ అంతే. విడాకులప్పుడు పెళ్లినాటి, పెళ్లి తర్వాతి కానుకలన్నీ ఆమెవేనని 1986 చట్టం చెబుతుంది. అక్కడా జాబితా ఉండదు, తూకం ఉండదు.

నగ మీద మచ్చ వేయడం అటువైపు వాళ్లకు చాలా సులువు. "ఫోటోలో ఉన్నవన్నీ చిలకలపూడి నగలండీ" అని ఒక్క మాట అంటే చాలు. మచిలీపట్నం దగ్గర చిలకలపూడిలో చేసే రోల్డుగోల్డు నగలు ఫోటోలో అసలు బంగారంలాగే ఉంటాయి కదా. పెళ్లి ఆల్బమ్ ఒక్కటే సాక్ష్యమైతే ఆ వాదన నిలబడవచ్చు. పాత కంసాలి నగల్లో టాంకా వల్ల నాణ్యం తగ్గి ఉంటుందన్నది కొంతవరకు నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని కంటె, వంకీ, కాసులపేరు అన్నిటికీ ఒకే తక్కువ నాణ్యం కట్టేస్తారు. కొట్టులో యంత్రం పెట్టి నాణ్యం చూస్తారు గాని, అది చూసేది ముఖ్యంగా పైపొరనే. పూత మందంగా ఉంటే మోసపోతుంది. కొద్ది బంగారం గీసి కరిగించి చేసే పరీక్షే నికరమైనది. హాల్‌మార్కు తప్పనిసరి అయింది 2021 జూన్ నుంచి, అదీ దశలవారీగా. 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య లేనిదే కొట్లు హాల్‌మార్కు నగ అమ్మకూడదు. ఆ సంఖ్య ఆమె నోట్‌బుక్‌లో ఉంటే నగ నాణ్యం మీద వాదన ఉండదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలకు మనం మొదట చెప్పవలసింది ఇది. కేడీఎమ్ అనే మాట నాణ్యానికి ముద్ర కాదని కూడా చెప్పాలి. అది అతుకు వేసే పద్ధతి పేరు.

బ్యాంకు కుదువ దగ్గరికి వద్దాం. పంట పెట్టుబడికో పిల్లల ఫీజులకో ఆమె నగలు తీసుకెళ్లి అతను తన పేర రుణం తీసుకుంటాడు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు బంగారు రుణాలకు కొత్త నిబంధనలు ఇచ్చి, 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయమంది. చాలావరకు మంచివే. నగ పరీక్ష రుణం తీసుకునే మనిషి ఎదుటే జరగాలి. మొత్తం బరువు, రాళ్లకు తీసిన తరుగు, నికర బరువు, నాణ్యం రాసి కాగితం ఇవ్వాలి. అప్పు తీరాక నగ తిరిగి ఇవ్వడంలో బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. కానీ ఒక్క చోట నాకు మింగుడు పడటం లేదు. నగ తనదేనని రుణం తీసుకునేవాడు ఒక ప్రకటన ఇస్తే సరిపోతుంది. వడ్డాణం, చంద్రహారం, జడబిళ్ల తీసుకుని ఒక మగమనిషి కౌంటరు దగ్గరికి వచ్చి "ఇవి నావే" అని సంతకం పెడితే ఎవరూ నవ్వరు! ఆ కాగితం ఆ తర్వాత కోర్టులో ఎవరికి పనికొస్తుంది? స్త్రీధనాన్ని ఆమెకు చెప్పకుండా కుదువ పెట్టడం, అమ్మడం హింస అని గృహహింస నివేదిక ఫారంలోనే ఉంది. ఆడవాళ్ల నగ కుదువకు వచ్చినప్పుడు ఆ ఇంటి ఆడమనిషి సంతకం అడగాలని ఎందుకు ఉండకూడదు?

ఆదాయపు పన్ను శాఖ ఈ విషయంలో కాస్త నయం. సోదాల్లో పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికానివారికి 250 గ్రాములు, మగవారికి 100 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994లో అధికారులకు ఆదేశం ఇచ్చారు. పెళ్లయిన ఆడమనిషి దగ్గర అరకిలో బంగారం ఉండటం సహజమని ప్రభుత్వమే అనుకుంది. అదే ఆడమనిషి పోలీసు స్టేషన్లో పది తులాలు నావి అంటే, బిల్లు చూపించమంటారు.

లాకరులో ఉంటే భద్రమనుకునేవారికి ఒక మాట. దొంగతనం, అగ్నిప్రమాదం, బ్యాంకు ఉద్యోగి మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్లకే పరిమితమని రిజర్వు బ్యాంకు నిబంధన, 2022 జనవరి నుంచి. అద్దె 3,000 అయితే 3 లక్షలు. అది ఇవాళ ముప్పై గ్రాములకు సరిపోదు. బీమా చేయించవచ్చు. అందుకు వాల్యూయర్ సర్టిఫికెట్ అడుగుతారు. చేయించేటప్పుడు పాలసీ ఎవరి పేర ఉందో చూసుకోవాలి. భర్త పేర ఉంటే, ఆమె నగ పోయినా పరిహారం అతని ఖాతాలోకే వెళుతుంది.

పోలీసు స్టేషన్లో పెద్దమనుషుల మధ్య నగలు తిరిగి ఇచ్చే తంతు నేను చాలాసార్లు చూశాను. గుడ్డసంచిలో తెచ్చి బల్లమీద పెడతారు. "చూసుకోమ్మా, అన్నీ ఉన్నాయా" అంటారు. చుట్టూ పదిమంది మగవాళ్లు. ఆమె చేతులు వణుకుతుంటాయి. లెక్కపెడుతుంది, తూయదు. "అన్నీ ముట్టినవి" అని సంతకం. ఒక అమ్మాయికి ఇలా తిరిగి వచ్చిన వడ్డాణం తర్వాత తూయిస్తే వెండి మీద పూత అని తేలింది. సంతకం అయిపోయింది కాబట్టి ఎవరూ వినలేదు. తూకం లేకుండా, ఆమె కోరిన కంసాలి చూడకుండా సంతకం చేయించకూడదన్న చిన్న నియమం ప్రతి కౌన్సెలింగ్ కేంద్రమూ, ప్రతి రక్షణ అధికారీ పాటించవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇంకొకటి. ఇన్నేళ్లలో బ్యాంకుల్లో నేను చూసిన అప్రైజర్లందరూ మగవాళ్లే. మనం ఆడవాళ్లకు కుట్టుపని నేర్పించాం, పచ్చళ్లు పెట్టడం నేర్పించాం, కంప్యూటరు నేర్పించాం. బంగారం నాణ్యం చూడటం ఎందుకు నేర్పించలేదు? గీటురాయి, చిన్న తక్కెడ, కొన్ని నెలల శిక్షణ. దానికి కండబలం అక్కర్లేదు. పుట్టుకతో ఆ కులంలో ఉండాలన్నది పాత మాట. పొదుపు సంఘాల్లో చదువుకున్న అమ్మాయిలు ఎందరో ఉన్నారు. మండలానికి ఇద్దరు ఈ పని నేర్చుకుంటే స్టేషన్ బల్ల దగ్గర ఆమె పక్కన నిలబడేవాళ్లుంటారు.

మా కేంద్రంలో ఈ మధ్య ఫిర్యాదు కాగితానికి ఒక పేజీ కలిపాం. నగ పేరు, గ్రాముల్లో మొత్తం బరువు, రాళ్ల బరువు, ముద్ర లేదా గుర్తింపు సంఖ్య, చేసినవారు, ఇచ్చినవారు. రూపాయల గడి పెట్టలేదు. ఆఖరున ఒక గడి ఉంది: చివరిసారి చూసింది ఎవరి దగ్గర, ఏ తేదీన. లంబాడా తండా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన వెండి కడియాలు, గాజులు ఒక్కొక్కటే చెబుతూ ఆ పేజీ అంతా నింపించింది. చోటు చాలక వెనకవైపు కూడా రాశాం.